పేద దేశంలో రిసార్ట్ సెలవులు: పిల్లలతో బయల్దేరే ముందు జాగ్రత్తలు

పిల్లల్ని తీసుకుని పేద దేశంలోని రిసార్టుకు వెళ్లేవాళ్లు ఎక్కువగా భయపడేది దొంగలకూ, పాములకూ. విదేశీ ప్రయాణాల్లో ప్రమాదాలై ప్రాణాలు పోయేది మాత్రం ఎక్కువగా నీళ్లలోనూ, రోడ్డు మీదా. ఈ రెండు చోట్లా రిసార్ట్ గోడ, గేటు దగ్గర కాపలా పెద్దగా అక్కరకు రావు. ఈత కొలను ఎలా కట్టాలి, గ్యాస్ గీజరు ఎక్కడ బిగించాలి, డ్రైవరు రోజుకు ఎన్ని గంటలు బండి నడపాలి అని తనిఖీ చేసే యంత్రాంగం ఆ దేశంలో బలహీనంగా ఉంటే ఐదు నక్షత్రాల బోర్డు ఆ లోటు తీర్చదు. నక్షత్రాలు ఇచ్చేది ఎక్కువగా సౌకర్యాలను చూసే.

మీ పిల్లల భద్రత ఒకటి, అక్కడి మనుషులకు జరిగే న్యాయం ఇంకొకటి అని వేరు చేయడం కూడా కుదరదు. పొద్దుటినుంచీ ఎండలో నిలబడే ఉన్న లైఫ్‌గార్డు, వరసగా రెండు షిఫ్టులు చేస్తున్న డ్రైవరు, విరేచనాలవుతున్నా సెలవు పెడితే ఆ రోజు కూలి పోతుందని వంటగదిలోకి వచ్చిన మనిషి: మీ పిల్లలు ఉండేది వీళ్ల చేతుల్లోనే. అందుకే కింది జాగ్రత్తల్లో రెండూ కలిసే వస్తాయి.

డబ్బు కట్టకముందు

రిసార్టుకు నేరుగా మెయిల్ రాసి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. కొలను చుట్టూ నాలుగు వైపులా కంచె ఉందా? లైఫ్‌గార్డులు ఎంతమంది, ఏ గంట నుంచి ఏ గంట దాకా? వేడినీళ్లు గ్యాస్ మీదా, కరెంటు మీదా? గదిలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువును పసిగట్టే అలారం ఉందా? విమానాశ్రయం నుంచి తెచ్చే బండిలో మూడు చోట్ల పట్టే సీటు బెల్టులు, పిల్లల సీటు ఉంటాయా? రాత్రిపూట కూడా పిల్లల డాక్టరుండే ఆసుపత్రి ఎంత దూరం? వీటితో పాటు, ఒంట్లో బాగోలేని సిబ్బందికి జీతంతో సెలవు ఇస్తారా అని కూడా అడగండి. ఆ ప్రశ్న మీ పిల్లలు తినే అన్నానికి సంబంధించినదే. జవాబులో అంకెలూ వేళలూ ఉంటే నమ్మవచ్చు. "అతిథుల భద్రతే మాకు ముఖ్యం" అని ఒక్క వాక్యం వస్తే, లేదన్నట్టే లెక్క వేసుకోండి.

టీకాల కోసం ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే డాక్టరును కలవాలి. ఎల్లో ఫీవర్ టీకా వేసిన 10 రోజుల తర్వాతే దాని ధ్రువపత్రం చెల్లుతుంది. సాధారణంగా తొమ్మిది నెలలు నిండని పిల్లలకు ఆ టీకా వేయరు. తట్టు వ్యాప్తి ఉన్న చోటికి వెళ్తుంటే ఆరు నెలలు దాటిన పసివాళ్లకు ఒక డోసు ముందుగానే వేయించవచ్చు. హెపటైటిస్ ఎ, టైఫాయిడ్, రేబిస్ టీకాల గురించీ, మలేరియా మాత్రల గురించీ ఆ దేశం పేరే కాదు, ఏ ప్రాంతమో, ఏ నెలో కూడా చెప్పి అడగండి.

బీమా కాగితంలో రెండు చోట్లు తప్పక చదవాలి. రోగిని వేరే దేశపు ఆసుపత్రికి తరలించే ఖర్చు అందులో ఉందా అన్నది మొదటిది. ఉందంటే చాలదు, ఎంత వరకో చూడండి. వైద్య విమానానికి అయ్యే ఖర్చు మామూలుగా ఉండదు. రెండోది మినహాయింపుల జాబితా. అద్దె స్కూటర్లు, జెట్ స్కీ, పారాసెయిలింగ్, మద్యం తాగి ఉన్నప్పుడు జరిగినవి చాలా పాలసీల్లో ఆ జాబితాలోనే ఉంటాయి. పిల్లలతో తల్లి ఒక్కరే గానీ తండ్రి ఒక్కరే గానీ వెళ్తుంటే రెండోవారి అంగీకార పత్రం నోటరీ చేయించి, పుట్టిన ధ్రువపత్రంతో కలిపి పెట్టుకోండి.

గదిలో అడుగు పెట్టగానే

సూట్‌కేసులు విప్పకముందే బాల్కనీ చూడండి. కటకటాల మధ్య సందు 10 సెంటీమీటర్లు దాటితే చిన్నపిల్లల ఒళ్లు అందులోంచి దూరిపోవచ్చు. కుర్చీలు, బల్ల బాల్కనీ నుంచి గదిలోకి తెచ్చేయండి. పిల్లలు పడేది చాలాసార్లు వాటి మీద ఎక్కే. బాల్కనీ తలుపుకు పైన గడియ లేకపోతే గది మార్చమనండి, కుదిరితే కింది అంతస్తు అడగండి.

కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు. 2022 మేలో బహామాస్‌లో ఒక రిసార్టులో ముగ్గురు పర్యాటకులు దీనివల్లే చనిపోయారు. బ్యాటరీతో పనిచేసే చిన్న అలారం (ఈఎన్ 50291 అనే ఐరోపా ప్రమాణం ఉన్నది) ఇంటినుంచే తీసుకెళ్లి మంచం పక్కన, తల ఎత్తులో పెట్టండి. గుర్తుపట్టడంలోనే చిక్కంతా ఉంది: తలనొప్పి, వాంతులు, తల తిరగడం చూసి తిండి పడలేదనుకుంటారు. జ్వరం లేకుండా ఇంటిల్లిపాదికీ ఒకేసారి మొదలై, బయటికి వస్తే తేలికపడి, గదిలోకి వెళ్తే మళ్లీ పట్టుకుంటోందంటే అది తిండి కాదు. పిల్లల్ని ఎత్తుకుని బయటికి రండి, సామాను సంగతి తర్వాత. పక్క గదుల్లో ఉన్నవాళ్లనూ లేపండి.

ఇంకో దారిలోనూ ఇదే ముప్పు వస్తుంది. 2018 ఆగస్టులో ఈజిప్టులోని హుర్గదా హోటల్లో ఇద్దరు చనిపోయారు. పక్క గదిలో నల్లుల కోసం కొట్టిన మందులో కలిపిన ద్రావకం శరీరంలోకి వెళ్లి కార్బన్ మోనాక్సైడ్‌గా మారిందని విచారణలో తేలింది. రెండు గదుల మధ్య తలుపు ఉంది. అందుకని పక్క గదికి లోపలి తలుపు ఉన్న గది వద్దనండి, అందులో మీవాళ్లే ఉంటే తప్ప. పక్క గది తలుపు సందులకు టేపు అంటించి ఉన్నా, ఘాటైన మందు వాసన వచ్చినా ఆ రాత్రి అక్కడ పడుకోకండి.

నీళ్లు

మునిగిపోతున్న పిల్లలు చేతులు ఊపరు, అరవరు. నోరు నీటి మట్టానికి వచ్చేసరికి ఊపిరి తీసుకోవడానికే సరిపోదు, ఇక కేకెక్కడిది? నిటారుగా, మెట్లెక్కుతున్నట్టు కనిపించి, నిమిషం లోపే కిందికి జారిపోతారు. చుట్టూ పెద్దవాళ్లు పదిమంది ఉన్నా ఇలా జరుగుతుంది, ఎవరో ఒకరు చూస్తున్నారులే అని అందరూ అనుకుంటారు కనుక. కాబట్టి కాపలా ఒకరి పేరు మీద ఉండాలి. పావుగంటకొకరు చొప్పున వంతులు వేసుకోండి. వంతులో ఉన్నవారు ఫోను, పుస్తకం, గ్లాసు ముట్టకూడదు. వంతు అప్పగించేటప్పుడు నోటితో చెప్పి మరీ అప్పగించాలి. ఈత రాని పిల్లలు చేయి చాస్తే అందేంత దగ్గరలో ఉండాలి. చేతులకు తొడిగే గాలి బుడగలు ఆటవస్తువులే, లైఫ్ జాకెట్ పని చేయవు. ఈత దుస్తులు మెరిసే నారింజ రంగువి కొనండి; నీలం, తెలుపు రంగులు నీటి అడుగున కనబడవు.

కొలను కంచె కనీసం 1.2 మీటర్ల ఎత్తు ఉండాలి, గేటు దానంతటదే మూసుకుని గడియ పడాలి. అలా లేని చోట కొలనుకు తలుపు తెరుచుకునే గది తీసుకోకండి. పొద్దున్నే మీరు నిద్ర లేవకముందే పసివాడు లేస్తాడు. లోతు ఎక్కువున్న వైపు అడుగున, పంపు నీళ్లు లాగే రంధ్రం మీద ఉన్న జాలీ ఒడ్డు నుంచి స్పష్టంగా కనిపిస్తేనే నీళ్లలోకి దించండి. ఆ జాలీ ఊడినా, విరిగినా దించనే వద్దు. అడుగున పంపు లాగే బలానికి జుట్టో, చేయో, పొట్టో అతుక్కుపోతే పెద్దవాళ్లు లాగినా రాదు. అమెరికాలో 2007లో ఇందుకోసమే ప్రత్యేకంగా చట్టం చేశారు, కానీ చాలా దేశాల్లో అలాంటి నిబంధన లేదు. పంపు స్విచ్ ఎక్కడుందో మొదటి రోజే అడిగి తెలుసుకోండి. ఎవరైనా చిక్కుకుంటే ముందు పంపు ఆపాలి. తర్వాత ఒంటికీ జాలీకీ మధ్య వేళ్లు దూర్చి గాలి చొరబడేలా చేయాలి. నేరుగా పైకి లాగితే గాయం పెద్దదవుతుంది.

సముద్రంలో అలలు విరగకుండా, ముదురు రంగులో ప్రశాంతంగా కనిపించే పాయ ఉంటే పిల్లల్ని సరిగ్గా అక్కడికే తీసుకెళ్లాలనిపిస్తుంది. లోపలికి లాక్కుపోయే ప్రవాహం చాలాసార్లు అదే. అందులో చిక్కుకుంటే ఒడ్డుకేసి ఎదురీదకూడదు. తేలుతూ చేయెత్తి, ఒడ్డుకు సమాంతరంగా ఈది పక్కకు తప్పుకోవాలి. ఎరుపు, పసుపు కలిసిన జెండాల మధ్య లైఫ్‌గార్డు ఉన్నట్టు; రెండు ఎర్ర జెండాలు ఎగిరితే నీళ్లు మూసేసినట్టు. మునిగిన పిల్లలకు ఛాతీ నొక్కడమే కాదు, నోటితో ఊపిరి ఊదడం కూడా తప్పనిసరి. దంపతులిద్దరూ ఆ శిక్షణ తీసుకున్నాకే టికెట్లు కొనుక్కోండి.

తిండి, దోమలు, రోడ్డు

బఫేలో ఆవిరి వస్తున్న పదార్థాలు, తొక్క ఒలిచే పండ్లు మంచివి. గంటలకొద్దీ గోరువెచ్చగా ఉన్నవి వద్దు. పళ్లు తోముకోవడానికీ సీసా నీళ్లే వాడండి, ఐసు దేంతో చేశారో అడగండి. ఓఆర్‌ఎస్ పొట్లాలు కూడా తీసుకెళ్లండి. అవి లేకపోతే ఒక లీటరు శుభ్రమైన నీళ్లలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, రెండూ తలగొట్టి కలపండి. పిల్లలకు విరేచనాలు ఆగిపోయే మాత్రలు మీ అంతట మీరు ఇవ్వకండి. విరేచనంలో రక్తం పడినా, ఆరు గంటలుగా మూత్రం రాకపోయినా, కళ్లు పీక్కుపోయి మగతగా ఉన్నా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. పెద్దవాళ్లకు: 2024 నవంబరులో లావోస్‌లోని వాంగ్ వియెంగ్‌లో మిథనాల్ అనే విషపు ఆల్కహాల్ కలిసిన మద్యం తాగి ఆరుగురు పర్యాటకులు చనిపోయారు. ఊరికే పోసిచ్చేవి, మీ కళ్లముందు సీలు తీయనివి ముట్టకండి. తాగిన మర్నాడు చూపు మసకబారితే హ్యాంగోవర్ అని పడుకోకూడదు.

డెంగీ దోమ పగలు కుడుతుంది, మలేరియా దోమ పొద్దుగూకినప్పటి నుంచి తెల్లారే దాకా. 20 నుంచి 30 శాతం డీట్ (దోమల్ని దగ్గరికి రానివ్వని రసాయనం) ఉన్న మందు రాయండి, రెండు నెలలు నిండని పసివాళ్లకు మాత్రం వద్దు. ముందు సన్‌స్క్రీన్, అది ఆరాక దోమల మందు. కుక్క, కోతి కరిచినా, గీరినా సబ్బుతో పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి అదే రోజు రేబిస్ టీకా మొదలెట్టాలి. చాలాచోట్ల టీకా దొరుకుతుంది గానీ దానితో పాటు ఇచ్చే ఇమ్యూనోగ్లోబులిన్ (తయారుగా ఉన్న ప్రతిరక్షకాల మందు) దొరకదు, బీమా కంపెనీకి అప్పుడే ఫోన్ చేయండి. బీచ్‌లో పిల్లల చేతులకు వేసే నల్ల గోరింట వద్దు. అసలు గోరింట నల్లగా పండదు. ఆ నలుపు చాలాసార్లు జుట్టు రంగులో వాడే పీపీడీ అనే రసాయనానిది. బొబ్బలెక్కడమే కాక, ఆ అలర్జీ జీవితాంతం ఉండిపోవచ్చు.

పిల్లల కారు సీటు ఇంటినుంచే తీసుకెళ్లండి. పగటిపూట దిగే విమానం చూసుకోండి. రోజంతా తిప్పే డ్రైవరుకు మీరు తినే వేళకే భోజనం పెట్టించి, గంటసేపు నడుం వాల్చుకోనివ్వండి. అది ఆయనకు దక్కాల్సింది, మీకు రక్ష కూడా.

గోడ అవతలి మనుషులు

అన్నీ కలిపి ముందే కట్టే ప్యాకేజీలో డబ్బు చాలావరకు బుకింగ్ కంపెనీకి, విమాన సంస్థకు, వేరే దేశంలో ఉన్న యజమానికి పోతుంది. గది, పొద్దుటి టిఫిను మాత్రమే తీసుకుని, మిగతా భోజనాలు, గైడు, పడవ ఊళ్లోవాళ్ల దగ్గర నేరుగా తీసుకుంటే ఆ డబ్బు అక్కడే తిరుగుతుంది. నీళ్ల సంగతీ అంతే. టాంజానియాలోని జాంజిబార్ దీవిలో 2012లో చేసిన అధ్యయనంలో ఐదు నక్షత్రాల హోటలు గదికి రోజుకు 3,000 లీటర్లకు పైగా ఖర్చవుతుంటే, స్థానిక ఇంటికి 100 లీటర్లు కూడా అందడం లేదని తేలింది. తువ్వాళ్లు, దుప్పట్లు రోజూ మార్చొద్దని చెప్పండి. నీటి ఎద్దడి నెలల్లో గదికో కొలను ఉన్న రిసార్ట్ ఎంచుకోకండి.

బీచ్ ఎవరిదో వెళ్లకముందే తెలుసుకోండి. మెక్సికోలో, బార్బడోస్‌లో తీరమంతా ప్రజలది. జమైకాలో మాత్రం 1956 నాటి చట్టం ప్రజలకు తీరం మీద సాధారణ హక్కు ఇవ్వదు, దాని మీద అక్కడివాళ్లు నేటికీ పోరాడుతున్నారు. చేపలు పట్టేవాళ్లు, సరుకు అమ్ముకునేవాళ్లు మీ కుర్చీ ముందునుంచి నడిచారని కాపలావాళ్లకు ఫిర్యాదు చేయకండి. ఆ ఇసుక వాళ్లదే.

టిప్పు ఆ దేశపు చిన్న నోట్లలో ఇవ్వండి. విదేశీ నాణేలు బ్యాంకులు మార్చవు. గది తుడిచే మనిషి రోజూ మారవచ్చు, కాబట్టి చివరి రోజు దాకా ఆగకుండా ఏ రోజుది ఆ రోజే. డబ్బు గానీ, బట్టలు, బొమ్మలు గానీ వదిలి వెళ్తుంటే "ఇవి మీకే" అని చీటీ రాసి, తేదీ, గది నంబరు వేసి సంతకం చేయండి. షిఫ్టు అయ్యాక గేటు దగ్గర సిబ్బంది సంచులు తనిఖీ చేస్తారు. చీటీ లేకపోతే మీ బహుమతే ఆమెకు దొంగతనం కింద చుట్టుకోవచ్చు. పిల్లల్ని చూసుకునే ఆయా ఎన్ని గంటల నుంచి పనిలో ఉందో అడగండి. అర్ధరాత్రి దాకా ఉంచితే అదనపు కూలితో పాటు ఇంటికి బండి కూడా ఏర్పాటు చేయాలి.

ఏదైనా తప్పు కనబడితే ఫొటో తీసి, గేటు గడియ పడట్లేదనో, జాలీ విరిగిందనో మేనేజరుకు రాసివ్వండి. మనిషి పేరు పెట్టి ఫిర్యాదు చేసేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. ఒప్పందం కాగితం లేనివాళ్లకు మీ ఒక్క మాటతో ఉద్యోగం పోతుంది.

అనాథాశ్రమాల సందర్శనకు వెళ్లనే వద్దు, పిల్లలకు లోకం చూపిద్దామన్న మంచి ఉద్దేశంతోనైనా సరే. కంబోడియాలో 2000ల తర్వాత పర్యాటకుల డబ్బు చూసి ఆశ్రమాలు పుట్టుకొచ్చాయి. వాటిలో ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. వీధిలో అమ్ముకునే పిల్లల దగ్గర కొంటే వాళ్లు రేపూ బడి మాని వస్తారు. ఇవ్వదలచిన డబ్బు కుటుంబాలతో పనిచేసే సంస్థకు ఇవ్వండి. మీ పిల్లల ఫొటోలు ఎవరో అడక్కుండా తీస్తే ఎలా ఉంటుందో, అక్కడి పిల్లల విషయంలోనూ అంతే. ఏనుగు సవారీ, డాల్ఫిన్లతో ఈత, దేవాంగపిల్లిని పట్టుకుని ఫొటో వద్దు. పగడాలు, తాబేటి చిప్ప వస్తువులు కొంటే కస్టమ్స్‌లో పట్టుకుంటారు.

తిరిగొచ్చాక

మలేరియా మాత్రలు ఇంటికొచ్చాక కూడా వాడాలి: అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ అయితే 7 రోజులు, డాక్సీసైక్లిన్ అయితే 4 వారాలు. మలేరియా ఉన్న ప్రాంతానికి వెళ్లిన వారం తర్వాత మొదలుకొని, ముఖ్యంగా తిరిగొచ్చిన మూడు నెలల్లో పిల్లలకు జ్వరం వస్తే, ఏ దేశం వెళ్లారో ముందుగా చెప్పి అదే రోజు రక్త పరీక్ష చేయించండి. ఏడాది లోపు ఎప్పుడు వచ్చినా ఆ మాట చెప్పాల్సిందే. మొదటి పరీక్షలో ఏమీ కనబడకపోయినా జ్వరం ఆగకపోతే 12 నుంచి 24 గంటల తేడాతో మళ్లీ చేయించాలి, అలా మూడుసార్లు.