ఇంటి కంప్యూటర్ వైద్యం – 6వ పాఠం: వైరస్ పోయింది, ఫైళ్లు రాలేదు

గత పాఠంలో పెన్‌డ్రైవులోని ఫోల్డర్లను షార్ట్‌కట్లుగా మార్చే వైరస్‌ను వదిలించాం. జిరాక్సు షాపుల చుట్టూ తిరిగే పెన్‌డ్రైవుకు ఎప్పుడో ఒకప్పుడు అంటుకునే జబ్బు అది. అందులో ఫైళ్లు ఎక్కడికీ పోవు, కనబడకుండా దాక్కుంటాయంతే. అట్రిబ్ కమాండుతో ముసుగు తీస్తే బయటపడతాయి. ఆ గెలుపు తలకెక్కించుకుని మాత్రం ఈ పాఠంలోకి రావద్దు. ర్యాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్, ఫైళ్లను దాచదు, లోపలి అక్షరాలనే మార్చేస్తుంది.

కిందటి మాఘమాసంలో బ్రాడీపేట నుంచి ఒక స్టూడియో యజమాని సీపీయూను స్కూటరు మీద కాళ్ల మధ్య పెట్టుకుని అరండల్‌పేటలోని మా గదికి వచ్చాడు. మూడు పెళ్లిళ్ల ఫొటోలు, వీడియోలు అందులోనే ఉన్నాయి. వీడియో ఎడిటింగ్ సాఫ్టువేరుకు డబ్బు కట్టకుండా ఎక్కడి నుంచో క్రాక్, అంటే దొంగ కాపీ, దించుకున్నాడు. మర్నాటికి ప్రతి ఫైలు పేరు చివరా నాలుగక్షరాల కొత్త తోక ఉంది. ప్రతి ఫోల్డరులోనూ రీడ్‌మీ అనే ఉత్తరం ఉంది: 980 డాలర్లు కట్టాలి, 72 గంటల్లోపు కడితే సగం, అంటే 490.

‘మాస్టారూ, వైరస్ తీసేస్తే ఫొటోలు తెరుచుకుంటాయి కదా?’ అన్నాడు.

‘తీయడం పూట పని. తెరుచుకోవడం వేరే సంగతి’ అన్నాను.

ఈ రెండూ ఒకటే పని అనుకోవడం వల్లే ఎక్కువ నష్టం జరుగుతుంది. మా దగ్గరికి రాకముందే అతను మరొక షాపులో చూపించాడు. వాళ్లు యాంటీవైరస్ నడిపి, ఉత్తరాలన్నీ చెత్త అని తుడిచేసి, ‘శుభ్రం చేశాం’ అని డబ్బు తీసుకున్నారు. ఆ ఉత్తరం చివర ఉండే గుర్తింపు సంఖ్యే మనకు మొదట కావలసింది. అదృష్టవశాత్తూ ఈ జాతి ర్యాన్సమ్‌వేర్ దాని నకలును సీ డ్రైవులో సిస్టమ్‌ఐడీ అనే ఫోల్డరులో కూడా పెడుతుంది. అక్కడ దొరికింది.

యాంటీవైరస్ ఎందుకు తెరవలేదో ఒక పాత కథతో చెబుతాను. 1989లో జోసెఫ్ పాప్ అనే అమెరికా శాస్త్రవేత్త ఎయిడ్స్ సమాచారం పేరిట ఫ్లాపీలు తపాలాలో పంపాడు. అవి ఫైళ్ల పేర్లను గజిబిజి చేసి, పనామాలోని ఒక పోస్టుబాక్సుకు 189 డాలర్లు పంపమనేవి. కాకపోతే తాళం వేసిన చెవితోనే అది తెరుచుకునేది, ఆ చెవి ప్రోగ్రాములోనే దొరికింది. విప్పే సాధనం త్వరలోనే వచ్చింది. ఇప్పటివాళ్లు ఆ తప్పు చేయరు. వేసే చెవి ఒకటి, తీసే చెవి మరొకటి. మన కంప్యూటర్‌లోకి వచ్చేది వేసే చెవి మాత్రమే. తీసే చెవి దొంగ దగ్గరే ఉండిపోతుంది. ఇంట్లో లేనిదాన్ని ఏ యాంటీవైరస్ వెతికి తెస్తుంది?

ఇక చేతిపని. ఫైళ్ల పేర్లు మీ కళ్ల ముందే మారుతూ ఉంటే మర్యాదగా షట్‌డౌన్ చేస్తూ కూర్చోవద్దు, పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేయండి. అప్పటికే అంతా అయిపోయి ఉంటే తొందర లేదు. నెట్ కేబులు, ఎక్స్‌టర్నల్ డిస్కులు పీకండి. మా స్టూడియో యజమాని బ్యాకప్ డిస్కు రాత్రంతా తగిలించే ఉంది. అదీ పోయింది.

ఆ తర్వాత, ఏ స్కానూ నడపకముందే, తాళం పడ్డ ఫైళ్లనూ ఉత్తరాన్నీ వేరే ఖాళీ డిస్కులోకి కాపీ చేయండి. హార్డ్‌డిస్కును విప్పి, శుభ్రమైన మరొక కంప్యూటర్‌కు తగిలించి కాపీ చేస్తే ఇంకా మంచిది, దాంట్లోని ప్రోగ్రాములు వేటినీ తెరవనంతవరకు. తెరుచుకోని ఫైళ్లు దేనికి అంటారా? ఇవాళ దొరకని చెవి రెండేళ్ల తర్వాత దొరకవచ్చు. దొంగల సర్వర్లు పోలీసులకు చిక్కి చెవులు బయటపడిన సందర్భాలు ఉన్నాయి. తుడిచేసుకున్నవాడికి అప్పుడు చెవి దొరికినా తలుపు ఉండదు.

మూడో పని జాతి కనిపెట్టడం. 2016లో యూరోపోల్, డచ్చి పోలీసులు, రెండు భద్రతా సంస్థలు కలిసి మొదలుపెట్టిన ‘నో మోర్ ర్యాన్సమ్’ సైటులో ఒక ఫైలునూ ఉత్తరాన్నీ ఇస్తే జాతి పేరు చెబుతుంది, విప్పే సాధనం ఉంటే ఉచితంగా ఇస్తుంది. మా రోగి జాతి స్టాప్ డీజేవీయూ. క్రాకుల వెంట వచ్చే జాతి ఇది, 2018 నుంచి తిరుగుతోంది. దీనికి ఎమ్సీసాఫ్ట్ సంస్థ 2019 అక్టోబరులో ఉచిత సాధనం విడుదల చేసింది. అయితే షరతు ఉంది. తాళం వేసే సమయంలో వైరస్‌కు తన సర్వరు దొరక్కపోతే తన వెంట తెచ్చుకున్న ఒకే ఆఫ్‌లైన్ చెవిని అందరికీ వాడుతుంది. అప్పుడు గుర్తింపు సంఖ్య చివర టీ అక్షరం, 1 అంకె ఉంటాయి. అలా ఉంటే ఆశ ఉంది. సర్వరు దొరికితే ఒక్కొక్కరికి ఒక్కో చెవి. మా గుర్తింపు సంఖ్య టీ, 1తో ముగియలేదు.

గూగుల్‌లో వెతికి, కనబడిన విప్పే సాధనమల్లా దించుకోవద్దు. 2020లో ఈ జాతికే మందు అంటూ ఒక నకిలీ సాధనం వచ్చింది. దాని పేరు జోరాబ్. అది మొదటి తాళం మీద రెండో తాళం వేసింది.

ఇప్పుడు శుభ్రం చేయడం. ఫైలును తుడిచినా మళ్లీ ఎందుకు లేస్తుందో చూడాలంటే వేళకు ప్రోగ్రాములను లేపే టాస్క్ షెడ్యూలర్ తెరవండి. ఈ జాతి అక్కడ ‘టైమ్ ట్రిగ్గర్ టాస్క్’ అన్న పేరుతో కూర్చుంటుంది. విండోస్ సెట్టింగుల ఖాతా అయిన రిజిస్ట్రీలో, లాగిన్ కాగానే నడవాల్సినవాటి జాబితా అయిన రన్ కీలో ‘సిస్‌హెల్పర్’ పేరుతో మరొకటి పెడుతుంది. కొత్త ఫైలు పెట్టిన కాసేపటికే దానికీ తోక మొలిచేది ఇందువల్లే. ఏ సైటు పేరు ఏ చిరునామాకు వెళ్లాలో చెప్పే హోస్ట్స్ ఫైలులో భద్రతా సైట్ల పేర్లు రాసి, అవి తెరుచుకోకుండా చేస్తుంది. విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్. దాని ఆఫ్‌లైన్ స్కాన్ విండోస్ పూర్తిగా లేవకముందే నడుస్తుంది కాబట్టి, వైరస్ మెలకువగా లేనప్పుడే పట్టుకుంటుంది. అయినా నా మాట ఇదే: ఫైళ్లు పక్కన భద్రపరిచాక డిస్కును ఫార్మాట్ చేసి విండోస్ మళ్లీ వేసుకోండి. దీని వెంట పాస్‌వర్డులు దొంగిలించే చెలికాళ్లు కూడా తరచుగా వస్తాయి. బ్యాంకు, మెయిలు పాస్‌వర్డులు ఫోను నుంచి గానీ మరొక కంప్యూటర్ నుంచి గానీ మార్చాలి, ఈ యంత్రం నుంచి కాదు.

స్టూడియో సంగతికి వస్తాను, నాకు ఇష్టమైన భాగం ఇదే. ఈ జాతికి తొందరెక్కువ. ప్రతి ఫైలులో మొదటి 150 కిలోబైట్లు మాత్రమే పాడు చేసి తర్వాతి దానికి వెళుతుంది. వర్డ్ ఫైలుకు అది చావే. రెండు గిగాబైట్ల పెళ్లి వీడియోకు తల మీద గీత. అదే కెమెరాతో, అదే సెట్టింగులతో తీసిన ఒక మంచి వీడియోను నమూనాగా ఇస్తే, వీడియో మరమ్మతు సాధనాలు పోయిన తలను మళ్లీ కడతాయి. చాలా క్లిప్పులు అలా లేచాయి. మొదటి క్షణాలు పోయాయి, తలంబ్రాలు దక్కాయి.

ఫొటోలకు ఆ దారి సరిగా పనిచేయలేదు, అందుకని కెమెరా కార్డులు తెప్పించాను. ఫార్మాట్ చేసిన కార్డులోనూ, మళ్లీ దాని మీద రాయనంతవరకు, పాత ఫొటోలు సాధారణంగా ఉండనే ఉంటాయి. ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాముతో రెండు పెళ్లిళ్లు దాదాపు పూర్తిగా దొరికాయి. మూడో పెళ్లి కార్డు మీద తర్వాత ఒక ఓణీల ఫంక్షను తీశాడు. దాంట్లో పెళ్లివాళ్లవి పదకొండు ఫొటోలే మిగిలాయి.

డబ్బు కట్టమంటారా అని అతనూ అడిగాడు. కట్టినా చెవి ఇస్తారన్న హామీ లేదు. సైబర్ నేరాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను.

వచ్చే పాఠంలోగా మీ ఆరోగ్యమైన కంప్యూటర్‌లోనే టాస్క్ షెడ్యూలర్ తెరిచి, అందులోని పేర్లు నోటుపుస్తకంలో రాసుకోండి. హోస్ట్స్ ఫైలును నోట్‌ప్యాడులో తెరిచి చూడండి, ఏమీ మార్చకండి. 7వ పాఠం బ్యాకప్ డిస్కు గురించి. దాన్ని ఎప్పుడు తగిలించాలన్నది తక్కువ, ఎప్పుడు పీకాలన్నది ఎక్కువ.