ఆర్వీలో యెల్లోస్టోన్, టీటన్: ఫోటోలు కావాలంటే బండి ఆపండి

ఆర్వీ, అంటే వంటగది, పడకలు ఉన్న ఇల్లులాంటి బండి, అద్దెకి తీసుకుని అమెరికాలో యెల్లోస్టోన్ నేషనల్ పార్కుకి వెళ్లే మనవాళ్లు చేసే పొరపాటే మొదటిసారి మేమూ చేశాం. పొద్దున్న వేడినీళ్లు ఎగజిమ్మే గీజర్ ఓల్డ్ ఫెయిత్‌ఫుల్, మధ్యాహ్నం కాన్యన్, సాయంత్రానికి లామార్ లోయ అని ప్లాన్ వేసుకున్నాం. బండేమో ముప్పై అడుగులు, పార్కులో గంటకి 45 మైళ్లు దాటకూడదు, మధ్యలో బైసన్, అంటే అమెరికా అడవిదున్నల మంద రోడ్డెక్కిందంటే అరగంట గోవిందా. రాత్రి కూర్చుని చూసుకుంటే నాలుగు వందల ఫోటోలు వచ్చాయి కానీ గోడకి తగిలించుకునేది ఒక్కటీ లేదు, అన్నీ నడినెత్తి ఎండలో పరుగెత్తుతూ తీసినవే.

రెండోసారి రోజుకి రెండే చోట్లు పెట్టుకున్నాం, తెల్లారేటప్పుడు ఒకటి, పొద్దుగూకే వేళ ఒకటి. మధ్యలో పప్పన్నం తిని పడుకోవడమే. ఆర్వీ వల్ల ఫోటోలు తీసేవాడికి అసలు లాభం ఇదే, చీకటితోనే వెళ్లి బండి ఆపుకుని, స్టవ్ మీద టీ పెట్టుకుని, వెలుగొచ్చేదాకా వెచ్చగా కూర్చోవచ్చు. అలాగని రోడ్డు పక్క పుల్‌అవుట్‌లో రాత్రి పడుకోవడం మాత్రం యెల్లోస్టోన్‌లోనూ, దాని దక్షిణాన ఉన్న గ్రాండ్ టీటన్ పార్కులోనూ కుదరదు, క్యాంప్‌గ్రౌండ్ ఉండాల్సిందే, దాన్ని నెలల ముందే బుక్ చేసుకోవాలి. కాబట్టి ముందు ఏ ఫోటో కావాలో అనుకుని, దానికి దగ్గర్లో ఉన్న క్యాంప్‌గ్రౌండ్ వెతకండి.

టీటన్ కొండలకైతే తెల్లవారుజామే. రోడ్డు మీంచి మనకి కనిపించేది వాటి తూర్పు వైపు, అందుకని మనమింకా నీడలో వణుకుతూ ఉండగానే శిఖరాల కొసలకి గులాబీ రంగు పడుతుంది, కొన్ని నిమిషాల్లో పోతుంది కూడా. సాయంత్రం సూర్యుడు వాటి వెనక్కి దిగుతాడు కాబట్టి కొండలు నల్లగా అట్టముక్కల్లా కనిపిస్తాయి. కోల్టర్ బే క్యాంప్‌గ్రౌండ్‌లో దిగితే ఆక్స్‌బో బెండ్ పావుగంట దూరం. స్నేక్ నది అక్కడ వంపు తిరిగి నిలబడ్డట్టు ఉంటుంది, మౌంట్ మోరన్ నీడ నీళ్లలో పడుతుంది, సెప్టెంబర్ చివర్లో వెళ్తే గట్టున ఆస్పెన్ చెట్లు పసుపు పూసినట్టుంటాయి. గాలి లేస్తే ఆ నీడ చెదిరిపోతుంది, అందుకే సూర్యోదయానికి ముప్పావుగంట ముందే అక్కడుండాలి. అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ 1942లో ఫోటో తీసిన స్నేక్ రివర్ ఓవర్‌లుక్ కూడా అందరి లిస్టులో ఉంటుంది కానీ, ఇప్పుడు చెట్లు ఎదిగి నది వంపుని చాలావరకు కప్పేశాయి, ఒక్క పొద్దునే చేతిలో ఉంటే నేను దానికి ఖర్చు పెట్టను. ఇంకో మాట, మూస్-విల్సన్ రోడ్డులోకీ సిగ్నల్ మౌంటెన్ మీదకీ ఆర్వీలని రానివ్వరు, మ్యాప్ దగ్గరిదారి చూపించిందని తిప్పేయకండి.

మళ్లీ యెల్లోస్టోన్‌కొస్తే, నడిమధ్యాహ్నం లేవాల్సింది రంగురంగుల వేడినీటి గుండం గ్రాండ్ ప్రిస్మాటిక్ ఒక్కదాని కోసమే. పొద్దున్న చలికి అక్కడ ఆవిరి తప్ప ఏమీ కనిపించదు, ఎండెక్కాక రంగులు బయటపడతాయి. పక్కనున్న చెక్కదారి మీంచి కాదు, ఫెయిరీ ఫాల్స్ దారిలో కాస్త నడిచి గుట్టమీది ఓవర్‌లుక్ ఎక్కి తీయండి, లెన్స్‌కి పెట్టే పోలరైజర్ ఫిల్టర్ తిప్పితే నీటి మీది మెరుపు తగ్గి నీలం, నారింజ బాగా వస్తాయి. గీజర్ తుంపర లెన్స్ మీద పడితే మాత్రం వెంటనే తుడిచెయ్యాలి, అందులో సిలికా ఉంటుంది, ఎండితే గట్టిగా పట్టేస్తుంది. డ్రోన్ ఇంట్లోనే పెట్టి రండి, నేషనల్ పార్కుల్లో ఎగరనివ్వరు.

జంతువులకి లామార్ లోయ. 1995లో తోడేళ్లని మళ్లీ తెచ్చి వదిలింది ఆ ప్రాంతంలోనే. మామత్ క్యాంప్‌గ్రౌండ్ నుంచి గంట ప్రయాణం, తెల్లారకముందే పుల్‌అవుట్‌లో చోటు చూసుకోవాలి, పెద్ద బండికి పొద్దెక్కాక దొరకదు. దూరం చూసే స్కోపులు పెట్టుకుని నిలబడ్డవాళ్లు కనిపిస్తే మర్యాదగా పక్కకి వెళ్లి ఏం కనబడుతోందని అడగండి, చాలామంది పిలిచి మరీ చూపిస్తారు. తోడేలు సాధారణంగా మైలు దూరంలో ఉంటుంది, మీ 400 ఎంఎం లెన్స్‌లో అది చుక్కే, కాబట్టి స్కోపులో కళ్లారా చూసి ఫోటో మాత్రం బైసన్‌ది తీసుకోండి. ఎలుగుబంట్లకీ తోడేళ్లకీ 100 గజాలు, బైసన్, ఎల్క్ లాంటి మిగతా వాటికి 25 గజాలు దూరం ఉండాలన్నది రూలు. బైసన్ మన అడవిదున్నలా మందంగా, బద్ధకంగా కనిపిస్తుంది కానీ గంటకి 35 మైళ్ల వేగంతో పరుగెత్తగలదు. తోక పైకెత్తిందంటే కెమెరా సంగతి మర్చిపోయి వెనక్కి నడవండి.

ఆర్వీ కిటికీయే మంచి మాటు. అద్దం పక్కకి జరిపి తీయాలి, అద్దంలోంచి తీస్తే ఫోకస్ మెత్తబడుతుంది. ఇంజిన్, జనరేటర్ ఆపెయ్యండి. లోపల ఎవరో ఫ్రిజ్ తలుపు తీయడానికి లేచినా బండి ఊగుతుంది, మా అబ్బాయికి పాపం ఆ అరగంట బాత్‌రూమ్ కూడా బంద్. లెన్స్ కిందకి బీన్‌బ్యాగ్ కొనక్కర్లేదు, మూడు కిలోల సోనామసూరి జిప్ కవర్లో పోసి, దాన్ని పాత దిండు గలేబులో పెట్టి ముడేస్తే సరిపోతుంది. కిటికీ అంచు మీద పరిచి మధ్యలో గుంట చేసి లెన్స్ కూర్చోబెడితే కదలదు. షట్టర్ 1/1000, నడిచే జంతువైతే అది చాలు, ఐఎస్ఓ ఆటోలో పెట్టి వదిలెయ్యండి. ఫోకస్ ఒక్క పాయింట్ మీదే ఉంచి జంతువు కంటి మీద పెట్టండి, లేకపోతే కెమెరా ముందున్న గడ్డిపరకని పట్టుకుంటుంది. మంచులోనో ఆవిరిలోనో ఉన్న బైసన్‌ని తీస్తే అది బొగ్గుముద్దలా వస్తుంది, ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ పెంచండి.

వంటింట్లో కెమెరా పెట్టకండి, ఇది నేను పోగొట్టుకుని నేర్చుకున్నది. ఆక్స్‌బో దగ్గర గంటసేపు చలిలో ఉండి లోపలికొచ్చి కెమెరా టేబుల్ మీద పెట్టాను, హీటర్ నడుస్తోంది, స్టవ్ మీద కుక్కర్ మూడో విజిల్. అప్పుడే అవతలి గట్టున మూస్ అనే పెద్ద దుప్పి, కొమ్ములకి నాచు వేలాడుతూ, నీళ్లలోంచి తల పైకెత్తింది. కెమెరా అందుకుని చూస్తే చల్లబడ్డ లెన్స్ మీద ఆవిరి పట్టి తెల్లటి పొగ తప్ప ఏమీ లేదు, తుడిచేకొద్దీ మళ్లీ పట్టేస్తోంది, అది పొదల్లోకి వెళ్లిపోయింది. అప్పటినుంచి బయటే జిప్ కవర్లో పెట్టి మూసి, లోపలికి తెచ్చాక గంటసేపు విప్పను. తాళింపు పెట్టేటప్పుడు లెన్స్ మూత బిగించి బీరువాలో పెడతాను, ఆ నూనె పొగ ఫిల్టర్ మీద పేరుకుంటే సూర్యుడికి ఎదురుగా తీసినప్పుడు ఫోటో అంతా అలుక్కుపోతుంది.

బియ్యం సంచి మాత్రం చివరి రోజు విప్పి పులిహోర కలిపేశాం.