బైకు టైర్ల పాఠాలు – 3: వెనక టైరు కొలతను ఎంచుకోవడం

గత పాఠం చివర 100/90-17 55P అన్న గుర్తును విడదీసి చదవమని అభ్యాసం ఇచ్చాం. దాని జవాబు ఇది: టైరు వెడల్పు 100 మిల్లీమీటర్లు. రిమ్ము దగ్గర మొదలై రోడ్డును తాకే చోటి దాకా ఉండే టైరు ఎత్తు ఆ వెడల్పులో 90 శాతం, అంటే 90 మిల్లీమీటర్లు. టైరు కూర్చునే రిమ్ము వ్యాసం 17 అంగుళాలు. 55 అన్న సూచిక 218 కిలోల మోత సామర్థ్యాన్ని, P అన్న అక్షరం గంటకు 150 కిలోమీటర్ల గరిష్ఠ వేగాన్ని తెలుపుతాయి. బజాజ్ పల్సర్ 150 సింగిల్ డిస్క్ బండికి కంపెనీ ఇచ్చే వెనక టైరు కొలత ఇదే కనుక, ఈ పాఠంలో ముఖ్యమైన లెక్కలను దీని మీదే చేద్దాం.

పాత టైరు అరిగిపోయి దుకాణానికి వెళ్లినప్పుడు మనకు ఎదురయ్యే ప్రశ్న సాధారణంగా ఒక్కటే: అదే కొలత వేయమంటారా, ఒక సైజు పెద్దది వేయమంటారా? చాలామంది ఆ క్షణంలో చూపును బట్టి జవాబు చెప్పేస్తారు. వెడల్పాటి టైరు బండి వెనక భాగానికి నిండుతనం తెస్తుందన్నది నిజమే. అయితే వెడల్పు పెరిగితే పట్టు కూడా దానంతటదే పెరుగుతుందనుకోవడం సరికాదు. టైరు రోడ్డును తాకే జాగా ఎంతన్నది దాని మీద పడే బరువు, లోపలి గాలి ఒత్తిడి, టైరు పైభాగపు వంపు కలిసి నిర్ణయిస్తాయి, ఆ తాకిన జాగా ఎంత గట్టిగా పట్టుకుంటుందన్నది చాలావరకు రబ్బరు గుణాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి టైరు కొలతను ఎంచుకునేటప్పుడు మొదట రిమ్ము వెడల్పు, తరువాత చక్రం మొత్తం వ్యాసం, ఆ తరువాత చుట్టూ ఉన్న ఖాళీ, చివరగా మోత సామర్థ్యం అన్న వరసలో పరీక్షించాలి. ఈ వరసను మార్చవద్దు. మొదటి పరీక్షలో తప్పిన టైరు మిగిలిన మూడింటిలో నెగ్గినా ప్రయోజనం లేదు.

మొదటి పరీక్ష: రిమ్ము వెడల్పు

టైరు మీద రాసి ఉన్న వెడల్పు ఒక నిర్ణీత వెడల్పు గల రిమ్ముకు ఎక్కించి, గాలి నింపి కొలిచినది. అంతకంటే ఇరుకైన రిమ్ముకు ఎక్కిస్తే టైరు రెండు అంచులూ దగ్గరికి లాగబడి, పైభాగం గుండ్రంగా ఉండవలసింది కొసదేరుతుంది. అప్పుడు నిటారుగా నడిచేటప్పుడు నడిమి గీత మాత్రమే రోడ్డును తాకుతుంది, అక్కడే తొందరగా అరుగుతుంది, మలుపులో బండిని వంచినప్పుడు అది ఒక్కసారిగా పక్కకు పడుతున్నట్టు అనిపిస్తుంది. వెడల్పు కోసం డబ్బు పెట్టి చివరికి ఇరుకైన పట్టును కొనుక్కోవడమంటే ఇదే. రిమ్ము మరీ వెడల్పైతే దీనికి వ్యతిరేకంగా టైరు పైభాగం చదునై, వంచినప్పుడు అంచు దాకా వెళ్లిపోతుంది.

రిమ్ము వెడల్పును మీ బండి మీదే చదవవచ్చు. అల్లాయ్ చక్రమైతే ఒక కాడ మీదో, రిమ్ము లోపలి వైపో 17×MT2.50 వంటి అచ్చు అక్షరాలు ఉంటాయి; స్పోకుల చక్రమైతే స్టీలు రిమ్ము మీద ముద్ర వేసి ఉంటుంది. ఇందులో 17 వ్యాసం, 2.50 వెడల్పు, రెండూ అంగుళాలలోనే; MT అన్నది రిమ్ము ఆకారపు రకానికి గుర్తు. ఈ వెడల్పు టైరు అంచులు ఆనుకునే రెండు లోపలి గోడల మధ్య దూరం మాత్రమే. టేపు పెట్టి బయటి నుంచి కొలిస్తే రిమ్ము అంచుల మందం కూడా కలిసి ఎక్కువ చూపిస్తుంది, అందువల్ల బురద కడిగి అచ్చు అంకెను వెతకడమే మంచి పద్ధతి.

ఏ టైరుకు ఎంత రిమ్ము సరిపోతుందన్నది టైరు కంపెనీలు తమ పట్టికల్లో ఇస్తాయి. మనకు తరచుగా కనిపించే కొలతలను చూస్తే, 90/90 టైరుకు 1.85 నుంచి 2.50 దాకా, 100/90 టైరుకు 2.15 నుంచి 2.75 దాకా, 120/80 టైరుకు 2.50 నుంచి 3.00 దాకా, 140/70 టైరుకు 3.50 నుంచి 4.50 అంగుళాల దాకా ఉన్న రిమ్ములు సరిపోతాయి. ఈ అంకెలను జాగ్రత్తగా గమనించండి: ఎత్తు శాతం బాగా తగ్గినప్పుడు టైరు తన వెడల్పుతో పోల్చినప్పుడు మరింత వెడల్పైన రిమ్మును కోరుతుంది. పై హద్దుల నడిమి అంకెను తీసుకుంటే, 100/90 టైరుకు రిమ్ము దాని వెడల్పులో సుమారు 62 శాతం ఉంటుంది, 140/70 టైరుకు 70 శాతం దాటుతుంది. పొట్టి గోడల టైరుకు వంగి సర్దుకునే అవకాశం తక్కువ కావడమే అందుకు కారణం.

యమహా ఆర్15 చరిత్ర ఈ విషయాన్ని చక్కగా చూపిస్తుంది. 2008లో వచ్చిన మొదటి ఆర్15కు వెనక 100/80-17 టైరు ఉండేది. అది సన్నగా ఉందని చాలామంది అసంతృప్తి చెందారు. 2011లో రెండో రూపం వచ్చినప్పుడు వెనక టైరు 130/70 అయింది, కానీ కంపెనీ టైరు ఒక్కటే మార్చి ఊరుకోలేదు. చక్రాలను మార్చింది, వెనక చక్రాన్ని పట్టి ఉంచే చట్రమైన స్వింగార్మ్‌ను కొత్తగా అల్యూమినియంతో చేసింది. తయారుచేసిన వారే అంత మార్చాల్సి వచ్చిన చోట, మనం పాత రిమ్ముకే కొత్త వెడల్పును ఎక్కించి అదే ఫలితాన్ని ఆశించడం న్యాయం కాదు.

రెండో పరీక్ష: మొత్తం వ్యాసం

దీనికి ఒక చిన్న లెక్క చాలు. రిమ్ము వ్యాసాన్ని 25.4తో గుణించి మిల్లీమీటర్లలోకి మార్చి, దానికి టైరు ఎత్తుకు రెట్టింపు కలపాలి. 100/90-17కు 17ను 25.4తో గుణిస్తే 431.8 వస్తుంది, ఎత్తు 90 కనుక రెట్టింపు 180, మొత్తం 611.8 మిల్లీమీటర్లు. ఇప్పుడు దుకాణంలో చెప్పే ప్రత్యామ్నాయాలను ఒక్కొక్కటిగా వేసి చూద్దాం. 110/80-17 అయితే 607.8 మిల్లీమీటర్లు, అంటే ఉన్నదానికంటే 4 మిల్లీమీటర్లు తక్కువ, పట్టించుకోనక్కర్లేదు. 120/80-17 అయితే 623.8, సుమారు 2 శాతం ఎక్కువ. 110/90-17 అయితే 629.8, దాదాపు 3 శాతం ఎక్కువ. 140/60-17 అయితే 599.8, సుమారు 2 శాతం తక్కువ.

వ్యాసం 2 శాతం పెరిగితే చక్రం ఒక్కో చుట్టుకు బండి సుమారు 38 మిల్లీమీటర్లు ఎక్కువ దూరం పోతుంది. ఇది వెనక స్ప్రాకెట్టును (చైను తిప్పే పళ్ల చక్రాన్ని) కొద్దిగా చిన్నది చేసినంత పని: అదే ఇంజను వేగానికి బండి కాస్త వేగంగా పోతుంది గాని, ఎత్తు ఎక్కేటప్పుడు, ఇద్దరితో బయలుదేరేటప్పుడు లాగుడు కాస్త తగ్గుతుంది. వేగం చూపే మీటరుకు సంకేతం ముందు చక్రం నుంచి అందే బండ్లలో వెనక టైరు మార్పు వల్ల మీటరు తప్పదు. గేరుబాక్సు నుంచి గాని వెనక చక్రం నుంచి గాని అందే బండ్లలో మీటరు 60 చూపినప్పుడు నిజంగా 61 పైనే పోతూ ఉంటారు. ఉన్న వ్యాసానికి 2 శాతం లోపల ఉండే కొలతనే ఎంచుకోవాలని, 3 శాతం దాటితే ఆ ఆలోచనను వదిలేయాలని నా సలహా.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. 130/70-17 వ్యాసం లెక్క వేస్తే 613.8 మిల్లీమీటర్లు వస్తుంది, అంటే పల్సర్ అసలు టైరుకూ దీనికీ తేడా 2 మిల్లీమీటర్లే. వ్యాసం ఒక్కటే చూసేవారికి ఇంతకంటే చక్కని జోడీ కనిపించదు. కానీ 130/70కు 3 అంగుళాలకు తగ్గని రిమ్ము కావాలి, 100/90 కోసం చేసిన రిమ్ము 2.75 దాటదు. రిమ్ము పరీక్షను ముందు పెట్టమని ఎందుకు పట్టుపట్టానో ఈ ఉదాహరణతో అర్థమై ఉంటుంది. ఇదే బండి ట్విన్ డిస్క్ రూపానికి కంపెనీయే 120/80-17 ఇస్తుంది కదా అని కొందరు అడుగుతారు. ఆ రూపానికి వెనక కూడా డిస్క్ బ్రేకు ఉంటుంది కనుక దాని చక్రమే వేరు. మీ చక్రం మీద 2.50 అని ఉంటేనే 120/80 గురించి ఆలోచించండి, 2.15 అని ఉంటే 100/90 దగ్గరే ఆగండి.

మూడో పరీక్ష: చుట్టూ ఖాళీ

వెడల్పు 20 మిల్లీమీటర్లు పెరిగితే ఒక్కో వైపు 10 మిల్లీమీటర్ల ఖాళీ పోతుంది. ఎడమ వైపు చైను, చైను కవరు, కుడి వైపు బ్రేకు రాడ్డు, ముందు స్వింగార్మ్ అడ్డపట్టీ, పైన మడ్‌గార్డు, ఈ నాలుగు చోట్లా కొలవాలి. చైను బిగించేకొద్దీ చక్రం వెనక్కి జరుగుతుంది కాబట్టి, కొత్త చైను వేసి చక్రం బాగా ముందుకు ఉన్నప్పుడు కొలిస్తేనే అసలు ఖాళీ తెలుస్తుంది. ఇద్దరిని కూర్చోబెట్టి మడ్‌గార్డు దగ్గర మరోసారి చూడండి. ఎక్కడా 8 మిల్లీమీటర్లకు తగ్గకూడదన్నది నేను పాటించే హద్దు.

నల్లరేగడి నేలల్లో తిరిగే వారు ఇంకా ఎక్కువ వదలాలి. గుంటూరు, కర్నూలు, ఆదిలాబాద్ ప్రాంతాల్లో తొలకరి తరువాత పొలం దారుల్లో బండి నడిపిన వారికి ఆ మట్టి సంగతి తెలుసు: టైరుకు అంటుకున్న మట్టి మడ్‌గార్డు కింద పేరుకుని, గట్టిపడి, చివరికి చక్రం తిరగకుండా పట్టేస్తుంది. అక్కడ కంపెనీ వదిలిన ఖాళీ మనకు పనికిరాని జాగా కాదు. వ్యాసం పెరిగిన టైరుతో సెంటర్ స్టాండు వేసినప్పుడు వెనక చక్రం నేలను తాకుతుందేమో కూడా చూడాలి, ఎందుకంటే అప్పుడు చైనుకు నూనె వేయడానికి చక్రం తిప్పడం కుదరదు.

నాలుగో పరీక్ష: మోత

హీరో స్ప్లెండర్ ప్లస్‌కు ముందు, వెనక టైర్ల కొలత ఒకటే, 80/100-18. కానీ ముందు టైరు మీద 47P అని, వెనక టైరు మీద 54P అని ఉంటుంది. 47 అంటే 175 కిలోలు, 54 అంటే 212 కిలోలు. కొలత ఒకటే కదా అని ముందు టైరును వెనక వేస్తే ఏమవుతుందో లెక్క కడదాం. బండి బరువు 112 కిలోలు, ఒక్కొక్కరు 70 కిలోల చొప్పున ఇద్దరు, వెనక కట్టిన 25 కిలోల బియ్యం బస్తా కలిపితే 277 కిలోలు. అందులో మూడింట రెండు వంతులు వెనక చక్రం మీద పడుతుందనుకుంటే సుమారు 185 కిలోలు. 54 సూచిక ఉన్న టైరు దీన్ని తేలిగ్గా మోస్తుంది, 47 సూచిక ఉన్నది మోయలేదు. పాలక్యాన్లు, గ్యాసు బండలు వేసుకుని తిరిగే వారికి ఈ తేడా ప్రాణాల మీదికి వచ్చే విషయం. కొత్త టైరు మోత సూచిక, వేగపు అక్షరం కంపెనీ ఇచ్చిన వాటికి సమానంగానో ఎక్కువగానో ఉండాలి, ఎప్పుడూ తక్కువ ఉండకూడదు.

అభ్యాసం

వెనక 80/100-18 టైరు, 1.85 అంగుళాల రిమ్ము ఉన్న బండి ఒకటి ఉందనుకోండి. దుకాణంలో 90/90-18, 100/90-18 అన్న రెండు టైర్లు చూపించారు. రెండింటినీ పైన చెప్పిన వరసలోనే పరీక్షించి, ఏది ఏ మెట్టు దగ్గర ఆగిపోతుందో, ఎందుకో కాగితం మీద రాయండి. వ్యాసాల తేడాను శాతంలో చూపండి. తరువాత మీ సొంత బండి దగ్గర కూర్చుని, రిమ్ము మీది అచ్చు అంకెను, వెనక టైరు మీది పూర్తి గుర్తును, ఎడమ వైపు చైనుకూ టైరుకూ మధ్య ఖాళీని మిల్లీమీటర్లలో అదే కాగితం మీద రాసి పెట్టుకోండి. వచ్చే పాఠంలో బయాస్, రేడియల్ టైర్ల తేడాను చెప్పుకునేటప్పుడు ఆ మూడు అంకెలూ మీ చేతిలో ఉండాలి.