సవానా వెళ్తే కారు పక్కన పెట్టండి

అట్లాంటా నుంచి నాలుగు గంటల దూరమే కాబట్టి జార్జియాలోని సవానాకు మనవాళ్లు చాలామంది శని, ఆదివారాల్లో వెళ్తుంటారు. వెళ్లేవారికి ఒక్క మాట: పాత ఊళ్లో కారుతో తిరగకండి. 1733లో జార్జియా వలసను స్థాపించిన జేమ్స్ ఓగ్లథోర్ప్ ఈ నగరానికి గీసిన నమూనా కాలినడకకే అందం. నది దగ్గరి సిటీ హాల్ నుంచి బుల్ స్ట్రీట్ పట్టుకుని దక్షిణంగా నడిస్తే జాన్సన్, రైట్, చిపెవా, మాడిసన్, మాంటెరే స్క్వేర్లు (చెట్లు, బెంచీలు ఉన్న చిన్న పార్కులు) వరుసగా వస్తాయి. దారి చివర ఫోర్సిత్ పార్కు, అందులో 1858 నాటి తెల్లని ఫౌంటెన్. ఓక్ చెట్ల నీడ ఉంటుంది కాబట్టి పెద్దవాళ్లు కూడా ప్రతి స్క్వేర్‌లో బెంచీ మీద కాసేపు కూర్చుంటూ హాయిగా నడవగలరు.

నది ఒడ్డున కిందుగా ఉన్న రివర్ స్ట్రీట్ సంగతి వేరు. అక్కడ పరిచిన రాళ్లు ఒకప్పుడు ఓడల్లో బరువు కోసం వేసుకొచ్చినవి; ఒక్కొక్కటి ఒక్కో ఎత్తులో ఉంటుంది. కిందికి దిగే రాతిమెట్లు మరీ నిటారు. చెప్పులు, హీల్స్ వద్దు, బూట్లు వేసుకోండి. మోకాళ్ల నొప్పులున్నవారిని మెట్లు దింపకండి, సిటీ హాల్ పక్కన లిఫ్ట్ ఉంది.

నదిని చూడటానికి టిక్కెట్టు కొని పడవ ఎక్కనక్కర్లేదు. అవతలి ఒడ్డుకు నడిచే ఫెర్రీ ఉచితం. నది మధ్య నుంచి ఊరంతా కనిపిస్తుంది, అదృష్టం బాగుంటే కొండంత కంటైనర్ ఓడ పక్కనుంచే వెళ్తుంది.

ఫ్రాంక్లిన్ స్క్వేర్‌లోని ఫస్ట్ ఆఫ్రికన్ బాప్టిస్ట్ చర్చిని మాత్రం వదలకండి. పగలంతా చాకిరీ చేసిన బానిసలు రాత్రిళ్లు కట్టుకున్న గుడి అది.