తాగుడు మానాలనుకునేవారు మీటింగుకు వెళ్ళడం ఎలా?

మన గోదావరి డెల్టాలో ఒక మనిషి సాయంత్రం ఆరు గంటలకు ఎక్కడున్నాడో ఊరందరికీ తెలుస్తుంది. బెల్టు షాపు దగ్గర కనిపిస్తే ఎవరూ పట్టించుకోరు గాని, మానడానికి ఎక్కడికో వెళ్తున్నాడని తెలిస్తే మాత్రం రామాలయం అరుగు మీద వారం రోజులు అదే ముచ్చట. తాగుడు మానాలనుకునేవారు ఒకచోట కూర్చుని తమ సంగతులు చెప్పుకునే మీటింగుకు మా బావమరిదిని మొదటిసారి బయలుదేరదీయడానికి మాకు ఎనిమిది నెలలు పట్టింది, ఈ మొహమాటం వల్లనే. చివరికి సొంత ఊరికి దూరంగా, బస్సెక్కి వెళ్ళవలసిన పట్టణంలో మీటింగు చూసుకున్నాకే ఆయన ఒప్పుకున్నారు. మీకూ అదే సలహా ఇస్తాను.

మీటింగు కన్నా ముందు చూసుకోవలసినది ఒకటుంది. ఏళ్ల తరబడి రోజూ తాగుతున్నవారు, పొద్దున్నే గొంతులో చుక్క పడకపోతే చేతులు వణికేవారు ఒక్కసారిగా మానేయకూడదు. చివరిసారి తాగిన 6 గంటల నుంచి 48 గంటల లోపు ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు లేనివి కనిపించడం, జ్వరం, అయోమయం మొదలైతే అది ప్రాణాపాయం; గాలి సోకిందని తాయెత్తు కట్టించుకుంటూ కూర్చోకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్ళాలి. కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఫోన్లో సలహాకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ టెలీ మానస్ నంబరు 14416, వ్యసన విముక్తి జాతీయ హెల్ప్‌లైన్ నంబరు 14446. మరొక మాట: మనిషికి తెలియకుండా కూరలో కలిపి పెట్టమని కొందరు మాత్రలో పొడో ఇస్తుంటారు. అందులో తాగుడు మాన్పించడానికి డాక్టర్లు ఇచ్చే డైసల్ఫిరామ్ అనే మందు ఉంటే, దాని మీద మద్యం పడినప్పుడు రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరు చెప్పి, తాగే మనిషి ఒప్పుకుంటే తప్ప ఆ పని చేయవద్దు.

ఇక మీటింగుల సంగతి. ఎక్కువగా వినిపించే పేరు ఆల్కహాలిక్స్ అనానిమస్, వాడుకలో ఏఏ. 1935లో అమెరికాలోని యాక్రన్ పట్టణంలో ఇద్దరు తాగుబోతులు, వారిలో ఒకరు డాక్టరు, ఒకరినొకరు ఆసరా చేసుకుని మానడంతో ఇది మొదలైంది. వారి భారతదేశ వెబ్‌సైటులో ఊళ్ల వారీగా మీటింగుల వివరాలు, ఫోన్ నంబర్లు ఉంటాయి. మీ ఊరు కనిపించకపోతే రాజమండ్రి, కాకినాడ, భీమవరం వంటి పట్టణాల పేర్లతో వెతకండి. ఫోన్ చేసినప్పుడు మీటింగు తెలుగులో జరుగుతుందా, అది ఎవరైనా రాదగిన ఓపెన్ మీటింగా లేక తాగుడు సమస్య ఉన్నవారికి మాత్రమేనా, ఈ వారం కచ్చితంగా ఉందా అని మూడూ అడగండి. పాత వివరాలు నమ్ముకుని వెళ్ళి తాళం చూసి తిరిగి వచ్చిన మనిషిని మళ్ళీ బయలుదేరదీయడం చాలా కష్టం. తిరుగు బస్సు ఎన్నింటికో కూడా ముందే కనుక్కోవాలి. రాత్రి ఎనిమిదిన్నరకు కాంప్లెక్సు దగ్గర గంటసేపు నిలబడవలసి వస్తే, ఎదురుగా వెలుగుతూ కనిపించేది వైన్ షాపు బోర్డే.

గది ఏ చర్చి ఆవరణలోనో ఉండవచ్చు. మతం మార్పిస్తారని మా అత్తగారు భయపడ్డారు గాని, అది గది ఇచ్చిన చోటు మాత్రమే. ఏఏకు ఏ మతంతోనూ సంబంధం లేదు. వారు చెప్పే ‘మనకన్నా గొప్ప శక్తి’ని ఎవరికి తోచినట్టు వారు అనుకోవచ్చు. మేము వెళ్ళిన గదిలో ప్లాస్టిక్ కుర్చీలు, ఒక ఫ్లాస్కులో టీ, పది పన్నెండు మంది మనుషులు. బావమరిది తలుపు పక్క కుర్చీలోనే కూర్చుని, చెప్పులు కాళ్లకే ఉంచుకున్నారు. రొయ్యల చెరువు మీద రాత్రి కాపలా కాసే ఆయన ఒకరు తన సంగతి చెబుతున్నప్పుడు ఎవరూ అడ్డు రాలేదు, సలహా ఇవ్వలేదు, అయ్యో అనలేదు. పద్ధతి అదే. కొత్తవారు పేరు మాత్రం చెప్పి, ‘ఈ రోజు వింటాను’ అంటే చాలు. అక్కడ విన్నదీ చూసినదీ బయట చెప్పకూడదు. రుసుము ఏదీ ఉండదు. చివర్లో డబ్బా తిప్పుతారు, కొత్తవారు వేయనక్కరలేదు. చేరడానికి కావలసిన అర్హత, తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే. ఆడవారూ రావచ్చు.

ఒక్కసారి వెళ్ళి తేల్చేయవద్దు. కనీసం ఆరు మీటింగులు చూడండి. 90 రోజుల్లో 90 మీటింగులని పాతవారు అంటారు గాని, దాళ్వా నాట్ల రోజుల్లో లంక గ్రామం నుంచి అది కుదిరే పని కాదు. వారానికి రెండు, మిగతా రోజుల్లో ఫోన్లో ఆన్‌లైన్ మీటింగు పెట్టుకోవచ్చు. మీటింగు సాయంత్రం పూట ఉండడం కూడా నా దృష్టిలో పెద్ద మేలు: తాగే వేళకే మనిషి మరొక చోట ఉంటాడు. భార్యకు, తల్లిదండ్రులకు అల్-అనాన్ అని 1951 నుంచి వేరే కూటమి ఉంది. తాగే మనిషి రానన్నా వారు వెళ్ళవచ్చు.

బయటికి వచ్చేముందు ఇద్దరు ముగ్గురి నంబర్లు రాసుకోండి. సంక్రాంతి మూడు రోజులూ పందేల బరి దగ్గరికి బంధువులు లాక్కుపోవాలని చూస్తారు. ఆ పూటకు ఎవరికి ఫోన్ చేయాలో భోగికి ముందే మాట్లాడి పెట్టుకోవాలి.