రివర్స్ ప్రశ్నల మార్కులు చేత్తో తిరగేయకండి

విశాఖలో డిగ్రీ సైకాలజీ చదువుతూ మేడమ్ గారి రీసెర్చ్‌లో సాయం చేసేవాళ్ల చేతికి ముందుగా వచ్చేది నింపిన ప్రశ్నావళుల కట్టే. దాన్ని ఎక్సెల్‌లో ఎక్కించేటప్పుడు ప్రాణం తీసేది రివర్స్ స్కోరింగ్, అంటే కొన్ని ప్రశ్నలకు 0ని 4గా, 1ని 3గా, ఇలా మార్కులు తలకిందులు చేసి లెక్కించడం. మనిషికి ఒత్తిడి ఎంత అనిపిస్తోందో కొలిచే 10 ప్రశ్నల పర్సీవ్డ్ స్ట్రెస్ స్కేల్‌నే తీసుకోండి, ఒక్కో జవాబుకు 0 నుంచి 4 మార్కులు, 4, 5, 7, 8 ప్రశ్నలకు మార్కులు తిరగేయాలి. ఇలా చేస్తే బోలెడు టైమ్ మిగులుతుంది.

ముందు ప్రతి కాగితం పైమూలన ఎర్రపెన్నుతో నంబరు వేసి, అదే నంబరు మొదటి కాలమ్‌లో కొట్టండి. తర్వాత అనుమానం వస్తే ఆ కాగితం చటుక్కున దొరుకుతుంది. జవాబుల సెల్స్ అన్నీ సెలెక్ట్ చేసి, డేటా వాలిడేషన్‌లో 0 నుంచి 4 వరకు హోల్ నంబర్ అని పెట్టండి. వేలు జారి 44 పడితే ఎక్సెలే ఒప్పుకోదు. టిక్ ఎక్కడుంటే ఆ అంకే కొట్టండి, ఏదీ తిరగేయొద్దు. చివర్లో ఆ నాలుగు ప్రశ్నలకు నాలుగు కొత్త కాలమ్స్ పెట్టి, 4 లోంచి ఆ ప్రశ్న జవాబున్న సెల్‌ని తీసేసే ఫార్ములా రాసి కిందికి లాగితే చాలు. టోటల్‌లో పాత నాలుగింటి బదులు ఇవి కలపండి.

ఒక్క జాగ్రత్త. ఖాళీ సెల్‌ని ఎక్సెల్ 0గా లెక్కేసి, ఫార్ములాలో 4 చూపిస్తుంది. బీచ్ రోడ్డులో నిలబెట్టి నింపించిన కాగితాల్లో వదిలేసిన ప్రశ్నలు ఉండనే ఉంటాయి. ఆ వరుసలను ముందే ఫిల్టర్ చేసి, ఏం చేయాలో మేడమ్‌నే అడగండి. స్కేల్ 1 నుంచి 5 అయితే 4 బదులు 6 లోంచి తీసేయాలి.