రెండు మసక నక్షత్రాల బరువు కాగితం మీద తేల్చడం ఎలా?

ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే జంట నక్షత్రాల లెక్కలు పదిహేనేళ్లుగా పిల్లలతో, పెద్దలతో చేయిస్తున్నాను. అందరూ తప్పు చేసేది ఒక్క చోటే. ఆ తప్పు మళ్లీ మళ్లీ చూసి విసిగి ఇది రాస్తున్నాను.

ఉదాహరణకు నేను ఎప్పుడూ క్రూగర్ 60 అనే జంటనే తీసుకుంటాను. సెఫియస్ నక్షత్ర మండలంలో డెల్టా సెఫై తారకు ఒక డిగ్రీ లోపే ఉంటుంది. భూమికి 13 కాంతి సంవత్సరాల దూరం. రెండూ ఎర్రటి చిన్న నక్షత్రాలు. పెద్దదాని ప్రకాశం 9.8 మాగ్నిట్యూడ్, చిన్నదానిది 11.4 (ఈ సంఖ్య పెరిగే కొద్దీ తార మసకబారుతుంది). మామూలు కంటికి 6 దాటితే ఏమీ కనబడదు కాబట్టి టెలిస్కోప్ తప్పదు. 8 అంగుళాలది చాలు. హైదరాబాదు నుంచి అయితే అక్టోబరులో రాత్రి తొమ్మిది ప్రాంతంలో ఉత్తరం వైపు దాదాపు 50 డిగ్రీల ఎత్తున ఉంటుంది.

కావలసినవి: గ్రాఫ్ కాగితం, స్కేలు, కోణమానిని, సన్నగా చెక్కిన పెన్సిల్, కాలిక్యులేటర్. కంప్యూటర్‌లో గీసే ప్రోగ్రాములు చాలా ఉన్నాయి, కానీ మొదటిసారి చేతితోనే గీయాలి. ప్రోగ్రాము జవాబు ఇస్తుంది, ఆ జవాబు ఎక్కడినుంచి వచ్చిందో చెప్పదు.

ముందు అది నిజమైన జంటేనా అని చూసుకోండి. 19వ శతాబ్దంలో క్రూగర్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఈ నక్షత్రాన్ని జంటగా నమోదు చేసినప్పుడు ఆయన చూసిన తోడు అసలు తోడే కాదు. ఎంతో దూరంలో, అదే దిశలో ఉన్న వేరే తార. నిజమైన తోడును 1890లో బర్నమ్ అనే మరో శాస్త్రవేత్త పట్టుకున్నాడు. క్రూగర్ 60 ఆకాశంలో ఏడాదికి ఒక ఆర్క్ సెకండ్‌కు కాస్త తక్కువ జరుగుతుంది (ఆర్క్ సెకండ్ అంటే డిగ్రీలో 3,600వ వంతు). దానితో పాటు జరిగేదే తోడు, వెనక ఉండిపోయేది కాదు.

తరువాత కొలతలు. పెద్ద తార నుంచి చిన్న తార ఎంత దూరంలో, ఏ దిశలో ఉందో ఏడాది వారీగా కావాలి. అమెరికా నౌకాదళ అబ్జర్వేటరీ నిర్వహించే వాషింగ్టన్ జంట నక్షత్రాల జాబితాలో ఇవి ఉంటాయి. 1890 నుంచి ఇప్పటికి ఈ జంట దాదాపు మూడు చుట్లు తిరిగింది కాబట్టి చుక్కలకు కొరత లేదు. పెద్ద తారను ఒకచోట గుర్తించి, ప్రతి కొలతకూ ఒక చుక్క పెట్టండి. ఒక ఆర్క్ సెకండ్‌కు 4 సెంటీమీటర్ల చొప్పున గీస్తే బొమ్మ ఏ4 కాగితంలో సరిపోతుంది. కోణం ఉత్తరం నుంచి తూర్పు వైపుకు లెక్కించాలి. చుక్కల మీదుగా నున్నటి దీర్ఘవృత్తం గీయండి. చిన్న తార ఒక చుట్టు తిరిగే కాలం 44.67 ఏళ్లు అని తేలుతుంది.

ఇక్కడే ఆగండి. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది.

ఇప్పుడు గీసిన దీర్ఘవృత్తం కక్ష్య కాదు, కక్ష్య నీడ. పళ్లేన్ని పక్కకు వంచి చూస్తే గుండ్రంగా కాక నొక్కినట్టు కనిపిస్తుంది కదా, ఇదీ అంతే. చాలామంది ఈ బొమ్మలో పొడవైన అడ్డుకొలత తీసుకుని, సగం చేసి, దాన్నే కెప్లర్ సూత్రంలో (దూరం ఘనాన్ని కాలం వర్గంతో భాగిస్తే బరువు వస్తుందనేది) పెట్టేస్తారు. క్రూగర్ 60 విషయంలో కక్ష్య మనకు దాదాపు ఎదురుగా ఉంది, వాలు సుమారు 13 డిగ్రీలే. అందువల్ల తప్పు పద్ధతిలో చేసినా జవాబు సుమారుగా కుదిరిపోతుంది. నాకు భయం వేసేది అందుకే. ఇక్కడ అలవాటైన పద్ధతినే ఆల్ఫా సెంటారీ అనే ఇంకో జంటకు వాడతారు. దాని కక్ష్య 79 డిగ్రీలు వాలి ఉంది. అక్కడ జవాబు మీద నమ్మకం పెట్టుకోవడానికి లేదు.

సరైన దారి ఇది. నీడ ఎంత వంకరగా పడినా రెండు విషయాలు చెడవు. కక్ష్య కేంద్రం నీడలోనూ కేంద్రమే అవుతుంది. ఒకే గీత మీది కొలతల నిష్పత్తి మారదు. కాబట్టి దీర్ఘవృత్తం కేంద్రాన్ని గుర్తించి, అక్కడి నుంచి పెద్ద తార మీదుగా గీత గీసి, దీర్ఘవృత్తాన్ని తాకేదాకా పొడిగించండి. కేంద్రం నుంచి తార దాకా ఉన్న దూరాన్ని కేంద్రం నుంచి అంచు దాకా ఉన్న దూరంతో భాగిస్తే వచ్చేది నిజమైన ఉత్కేంద్రత, అంటే కక్ష్య గుండ్రం నుంచి ఎంత సాగిందో చెప్పే సంఖ్య. క్రూగర్ 60కి 0.41 రావాలి. 0.38 గానీ 0.45 గానీ వస్తే దీర్ఘవృత్తం సరిగా గీయలేదు. చెరిపి మళ్లీ గీయండి. పెద్ద తార దీర్ఘవృత్తం నాభి (నిజమైన కక్ష్యలో అది ఉండే బిందువు) మీద లేదేమిటని చాలామంది టెన్షన్ పడి దాన్ని జరుపుతారు. జరపకూడదు! నీడలో అది నాభి మీద ఉండనక్కర లేదు.

ఆ గీతకు సమాంతరంగా దీర్ఘవృత్తంలో నాలుగైదు అడ్డగీతలు గీసి, వాటి మధ్య బిందువులు కలపండి. నిజమైన కక్ష్య పొట్టి అక్షం ఏ దిశలో ఉందో ఈ కొత్త గీత చెబుతుంది. మొదటి గీత నుంచి అంచు దాకా ఈ దిశలో ఉన్న ప్రతి దూరాన్నీ, రెండు వైపులా, 1.096 రెట్లు పెంచి కొత్త చుక్కలు పెట్టండి. ఈ సంఖ్య ఒకటిలోంచి ఉత్కేంద్రత వర్గం తీసేసి, దాని వర్గమూలంతో ఒకటిని భాగిస్తే వస్తుంది. చుక్కలు కలిపితే ఇంకో దీర్ఘవృత్తం వస్తుంది. ఇది ఒక వృత్తం నీడ. వృత్తాన్ని ఎటు వంచినా నీడలో పొడవైన సగం తగ్గదు. కాబట్టి దాని పొడవైన సగమే మనకు కావలసిన అర్ధ దీర్ఘాక్షం, అంటే నిజమైన కక్ష్య పొడవులో సగం: 2.38 ఆర్క్ సెకండ్లు. ఇది జ్వియర్స్ అనే ఖగోళ శాస్త్రవేత్త పద్ధతి. సూత్రాల పట్టికలు నింపే పద్ధతుల కంటే నేను దీన్నే ఇష్టపడతాను, ఎందుకంటే ఎక్కడ తప్పామో కంటికి కనిపిస్తుంది.

మిగతాది సులువు. పారలాక్స్ (భూమి సూర్యుడి చుట్టూ తిరగడం వల్ల తార జరిగినట్టు కనిపించే కోణం, దూరం దీన్నుంచే తేలుతుంది) గయా ఉపగ్రహం కొలతల్లో 0.25 ఆర్క్ సెకండ్‌కు దగ్గరగా ఉంది. నేను 0.249 పెడతాను. 2.38ను దానితో భాగిస్తే 9.56, అంటే సూర్యుడికీ భూమికీ మధ్య దూరానికి 9.56 రెట్లు. అంటే రెండు తారల మధ్య సగటు దూరం సూర్యుడికీ శనికీ మధ్య ఉన్నంత. దీని ఘనాన్ని 44.67 వర్గంతో భాగిస్తే 0.44. రెండూ కలిసి సూర్యుడి బరువులో సగం కూడా లేవు. ఒక్కసారి శనితో సరిచూసుకోండి. అంతే దూరంలో శని 29.5 ఏళ్లకే చుట్టేస్తుంది, ఈ జంటకు 44.67 పడుతుంది. లాగే బరువు తక్కువైతే తిరగడం నెమ్మదిస్తుంది. 29.5 వర్గాన్ని 44.67 వర్గంతో భాగించినా అదే 0.44 వస్తుంది. పారలాక్స్ కొలత మాత్రం ఎప్పుడూ తాజాది తీసుకోండి. అది ఘనంలోకి వెళుతుంది, 5 శాతం తేడా ఉంటే బరువులో 15 శాతం పోతుంది.

బరువును పంచడానికి వెనకున్న తారలతో పోల్చిన కదలిక కావాలి. రెండూ ఉమ్మడి బరువు కేంద్రం చుట్టూ ఊగుతూ వెళతాయి, బరువైనది తక్కువ ఊగుతుంది. మన టెలిస్కోపులతో ఏడాదిలో ఇది తేలదు, దశాబ్దాల ఫోటోలు కావాలి. ప్రచురితమైన లెక్కల ప్రకారం చిన్నదాని వాటా సుమారు 39 శాతం. అంటే 0.17, పెద్దదానికి 0.27.

వెలుగు కూడా తేల్చాలనుకుంటే, కంటికి కనిపించే వెలుగులో పెద్దది సూర్యుడిలో ఆరు వందల్లో ఒక వంతు. దీన్ని మొత్తం శక్తి అనుకోకండి. ఉపరితలం దాదాపు 3,000 కెల్విన్ల వేడిలో ఉన్న నక్షత్రం ఎక్కువ భాగం పరారుణంలో వెదజల్లుతుంది, అన్నీ కలిపితే దాదాపు నూరో వంతు అవుతుంది. చిన్న తారను ఒక్క రాత్రి కొలిచి ఆపకండి. అది మంటలు చిమ్మే తార, ఉన్నట్టుండి కొద్ది నిమిషాలపాటు బాగా వెలిగిపోతుంది. కనీసం ఐదు రాత్రులు చూసి, మధ్యలో ఉన్న విలువ రాసుకోండి.